ఓపిక లేదని అమ్మ మంచం దిగడం లేదు.. వ్యాయామం చేయించొచ్చా?

సమస్య: మా అమ్మకు 78 ఏళ్లు. నాలుగైదు నెలలుగా ఓపిక లేదంటూ రోజంతా పడుకునే ఉంటోంది. కాస్త చిక్కింది కూడా. షుగర్‌కు మాత్రలు వాడుతోంది. కాసేపు నడవమంటే కసురుకుంటోంది. ఈ వయసులో వ్యాయామం మంచిదేనా, విశ్రాంతే ఇవ్వాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: వ్యాయామం మంచిదేనండీ. కాకపోతే ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. నెలల తరబడి నీరసం, దానికి తోడు చిక్కిపోవడం ఉంటే వయసు మీదకు నెట్టేయకూడదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), షుగర్ పరీక్షలు అవసరం. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గుతుంటుంది, అదీ చూడాలి. నిద్రమాత్రలు, బీపీ మాత్రల డోసు ఎక్కువైనా మనిషి ఇలాగే డీలా పడతారు. ఇష్టంగా చూసే సీరియల్ మీద, పూజ మీద కూడా ఆసక్తి పోయిందా? అయితే డిప్రెషన్ కావచ్చని డాక్టరుకు చెప్పండి.

వీటి సంగతి తేలాక మిగిలేది కండబలం. ఈ వయసులో కొద్దిరోజులు మంచం మీదే ఉన్నా తొడ కండరాలు కరిగిపోతాయి. దాంతో లేవడమే కష్టమవుతుంది, కష్టంగా ఉందని మళ్లీ పడుకుంటారు. పడుకుంటే తగ్గే నీరసం కాదిది. అమెరికాలోని బోస్టన్‌లో 100 మంది బలహీన వృద్ధుల మీద చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. వారి సగటు వయసు 87. పది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. పోషకాల పానీయం మాత్రమే తాగినవారికి ఆ లాభం రాలేదు. డబ్బాల పొడి కొనేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

నడక సంగతి తర్వాత, ముందు కుర్చీలోంచి లేవడం నేర్పండి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, నులకమంచం కుంగుతుంది, అవి వద్దు. కుర్చీ అంచుకు జరిగి కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకూడదు, మెల్లగా దిగాలి. అసలు బలం పెరిగేది ఇక్కడే. మొదట మూడుసార్లు చాలు. తేలికనిపించాక ఐదు, ఎనిమిది. ఆమెకు హుషారుగా ఉండే వేళ, బహుశా కాఫీ తాగాక, చేయించండి. మీరు పక్కనే ఉండండి.

ఇక కసురుకోవడం. "నడువమ్మా, ఆరోగ్యానికి మంచిది" అంటే ఎవరికైనా విసుగే. ఆమెకు ఏం కావాలో అడగండి. వీధి చివర గుడికి తనంతట తాను వెళ్లాలనుందేమో, మనవరాలి పెళ్లిలో పీటల దాకా నడవాలనుందేమో. దానికోసమే చేస్తున్నాం అనండి. మరో మాట, కోపం తెచ్చుకోకండి: ప్రేమకొద్దీ మంచినీళ్లు, మాత్రలు, కంచం అన్నీ మంచం దగ్గరికే అందిస్తుంటారు. మానేయండి. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం ఆమెకే వదిలేయండి, ఆలస్యమైనా సరే.

రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, పెరుగు పూటపూటా పడాలి. 50 కిలోల మనిషికి రోజుకు 50-60 గ్రాముల ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరు చెప్పినంతే. వ్యాయామం చేసిన మర్నాడు ఎక్కువగా అలిసిపోతే సంఖ్య తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, లేవగానే కళ్లు తిరగడం ఉంటే మాత్రం వెంటనే ఆపేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి.