‘ప్రతి అణువుకూ’ అనాలా, ‘ఒక్కో అణువుకు సగటున’ అనాలా?

సందేహం: నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సాంఖ్యక యాంత్రికశాస్త్రం (స్టాటిస్టికల్ మెకానిక్స్: అసంఖ్యాక కణాల తీరును సగటులతో లెక్కగట్టే శాస్త్రం) నోట్సు తెలుగులో రాసుకుంటున్నాను. అందులో రెండు వాక్యాలివి: ‘ఈ ఉష్ణోగ్రత దగ్గర వాయువులోని ప్రతి అణువుకూ 3/2 కేటీ గతిజ శక్తి ఉంటుంది.’ ‘గదిలోని గాలి అణువులన్నీ ఎడమ సగంలోకి చేరలేవు.’ మా రూమ్మేట్ రెండూ తప్పేనంటున్నాడు. నాకు వ్యాకరణ దోషమేదీ కనిపించడం లేదు. మీరేమంటారు?

సమాధానం: వ్యాకరణం వరకు రెండూ శుద్ధంగానే ఉన్నాయి. అయినా మీ రూమ్మేట్ చెప్పిందే సరి. మీరు ఎంచుకున్న ‘ప్రతి’, ‘లేవు’ అనే చిన్న మాటలు భౌతికశాస్త్రం చెప్పని సంగతిని చెబుతున్నాయి.

ముందు ‘ప్రతి’ సంగతి. ఈ మాట మినహాయింపును ఒప్పుకోదు. ‘ఒక్కో’ అలా కాదు. ‘ప్రతిసారీ వస్తాడు’, ‘ఒక్కోసారి వస్తాడు’ అన్న వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఒక్కొక్కరిది ఒక్కో తీరు’ అంటాం, అక్కడ ‘ప్రతి’ ఇమడదు. విడివిడిగా తేడాలు ఉండొచ్చన్న ధ్వని ‘ఒక్కో’లో ఉంది. ‘తలా’, ‘తలసరి’ అన్న జంట ఇంకా స్పష్టం. ‘తలా రెండు అరిసెలు పెట్టింది’ అంటే అందరి చేతిలోనూ రెండేసి ఉన్నట్టే. తలసరి ఆదాయం లక్ష అంటే మాత్రం అందరి జేబులోనూ లక్ష ఉన్నట్టు కాదు. మీ 3/2 కేటీ ఈ తలసరి లాంటిదే. ఇక్కడ కె బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, టీ పరమ ఉష్ణోగ్రత.

27 డిగ్రీల సెల్సియస్ దగ్గర నైట్రోజన్ అణువుల సగటు వడి సెకనుకు సుమారు 475 మీటర్లు. ఏ వడితో ఎన్ని అణువులుంటాయో చెప్పే సూత్రం (వితరణ సూత్రం) మాక్స్‌వెల్ 1860లో ప్రచురించాడు, దానితో లెక్కకడితే, నూటికి దాదాపు ఒక అణువు 100 మీటర్ల కంటే నెమ్మదిగా కదులుతుంటుంది, మరొకటి 1000 మీటర్లు దాటి దూసుకుపోతుంటుంది. పైగా ఢీకొన్నప్పుడల్లా ఆ వడులు మారిపోతుంటాయి. అందుకే ‘ఒక్కో అణువుకు సగటున 3/2 కేటీ స్థానాంతరణ గతిజ శక్తి ఉంటుంది’ అని రాయండి. నైట్రోజన్ అణువు చోటు మారడమే (స్థానాంతరణ) కాక తన చుట్టూ తాను తిరుగుతుంది కూడా కాబట్టి ‘స్థానాంతరణ’ అన్న విశేషణం తప్పనిసరి. ఈ 3/2 కేటీని ఇచ్చే ‘శక్తి సమవిభజన నియమం’ అన్న పేరు చూసి చాలామంది అణువులన్నింటికీ సమాన వాటా అనుకుంటారు. అక్కడ సమానమైనది సగటే.

‘ప్రతి’కి హక్కున్న చోటు సంప్రదాయ యాంత్రికశాస్త్రం. ‘ప్రతి కణమూ ప్రతి క్షణమూ న్యూటన్ రెండో నియమాన్ని పాటిస్తుంది’ అన్న వాక్యంలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఒకే పేజీలో ఈ రెండు రకాల వాక్యాలూ వస్తాయి కాబట్టే మీలాంటి మంచి విద్యార్థులు కూడా తడబడతారు.

రెండో వాక్యం నాకు ఇంకా ఇష్టమైన చర్చ. ‘చేరవు’ అంటే చేరడం జరగదని. ‘చేరలేవు’ అంటే చేరే శక్తి లేదని, ఏదో అడ్డుకుంటోందని. మరి అణువుల్ని అడ్డుకుంటున్నదేమిటి? న్యూటన్ సమీకరణాలు అడ్డుకోవు. ఎడమ సగం నుంచి గది అంతా పరుచుకున్న అణువుల వేగాలన్నింటినీ ఒక్క క్షణంలో తిరగేస్తే, అవి వచ్చిన దారినే వెనక్కి వెళ్లి ఎడమ సగంలో చేరతాయి. వాయువు మార్పు ఒకే దిశలో సాగుతుందన్న బోల్ట్జ్‌మన్ వాదనపై ఈ ఆక్షేపణను 1876లో భౌతికశాస్త్రవేత్త లోష్మిట్ లేవనెత్తాడు. మరుసటి ఏడు బోల్ట్జ్‌మన్ జవాబిచ్చాడు: అలాంటి స్థితులు నిషిద్ధం కావు, మిగతా వాటితో పోలిస్తే వాటి సంఖ్య అత్యల్పం. పది అణువులే ఉంటే అన్నీ ఎడమ సగంలో ఉండే అవకాశం 1024లో ఒకటి. వంద ఉంటే, ఒకటి పక్కన ముప్పై సున్నాలు పెట్టిన సంఖ్యను మించిన అవకాశాల్లో ఒకటి. మామూలు పరిస్థితుల్లో ఒక్క ఘన సెంటీమీటరు గాలిలోనే 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని అణువులకు పైగా ఉంటాయి. అందువల్ల ‘చేరవు’ అనడం న్యాయమే. ఇంకా కచ్చితంగా కావాలంటే ‘చేరే అవకాశం లేనంత తక్కువ’ అనండి. ‘చేరలేవు’ మాత్రం వద్దు. ఎంట్రోపీ (వ్యవస్థలోని క్రమరాహిత్యానికి కొలత) గురించి రాసే ప్రతి చోటా ఈ జాగ్రత్త అవసరం.

ఏకవచనంలో ఇంకో చిక్కుంది. ‘అతను రాలేదు’, ‘అతను రాలేడు’ వేర్వేరుగా వినిపిస్తాయి. ‘అది రాలేదు’ అన్నప్పుడు మాత్రం రెండర్థాలూ ఒకే రూపంలో కలిసిపోతాయి: రాకపోవడం, రావడం చేతకాకపోవడం. ‘బాహ్య బలం లేనప్పుడు వ్యవస్థ మొత్తం ద్రవ్యవేగం మారలేదు’ అని రాస్తే (ద్రవ్యవేగమంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధం), నిన్నటి ప్రయోగంలో మారలేదని చెబుతున్నారా, ఎప్పటికీ మారడం అసాధ్యమని చెబుతున్నారా అన్నది తేలదు. ఇక్కడ నిషేధం నిజంగానే ఉంది కాబట్టి ‘మారదు’ అనండి, నొక్కి చెప్పాలంటే ‘మారే వీల్లేదు’ అనండి.