పాత ఫోర్డ్‌కు కొత్త స్టీరింగ్: ర్యాక్ కొనే ముందు ఇరుసును చూడండి

ప్రశ్న: డాలస్ సమీపంలో ఉంటున్న మేమిద్దరం మిత్రులం కలిసి, ఎవరో సగం తయారుచేసి వదిలేసిన 1932 ఫోర్డ్ కూపే హాట్ రాడ్‌ను (పాత కారుకు బలమైన ఇంజన్ వేసి మలచిన బండిని) కొన్నాం. ముందు ఇరుసు, దానిపై అడ్డంగా ఉండే లీఫ్ స్ప్రింగ్, స్టీరింగ్ గేర్‌బాక్స్ అన్నీ పాతవే. ఇంజన్ మాత్రం షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8. స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు తిరగకుండానే స్టీరింగ్ కదిలే వదులు) చాలా ఎక్కువగా ఉంది; గతుకు తగిలిన ప్రతిసారీ బండి పక్కకు లాగుతోంది. తుక్కు యార్డులో దొరికే ఏదైనా కొత్త కారు ర్యాక్ అండ్ పినియన్‌ను (చిన్న పళ్లచక్రం పళ్ల కడ్డీని పక్కలకు జరిపి చక్రాలను తిప్పే స్టీరింగ్‌ను) తెచ్చి చాసిస్‌కు బిగించవచ్చా? పవర్ స్టీరింగ్ అవసరమా?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఆ ముందు ఇరుసును అలాగే ఉంచదలచుకుంటే మామూలు కారు ర్యాక్‌ను చాసిస్‌కు బిగించకండి. బిగించడం సాధ్యం కాదని కాదు. బిగించాక బండి ఇప్పటికంటే ఎక్కువగా పక్కకు లాగుతుంది.

కారణం ఇది. మామూలు ర్యాక్‌కు రెండు చివరలా రెండు పొట్టి టై రాడ్లు (చక్రాలను తిప్పే కడ్డీలు) ఉంటాయి. గుంజకు కట్టిన దూడ గుండ్రంగానే తిరగగలిగినట్లు, చక్రం పైకి లేచినప్పుడు టై రాడ్ బయటి కొన తన లోపలి కీలు చుట్టూ చాపంలోనే కదలగలదు. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే సస్పెన్షన్‌లో కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కీలు చేయి) కూడా దాదాపు అలాంటి చాపంలోనే కదులుతుంది కాబట్టి, రెండూ కలిసి నడిచేలా ర్యాక్‌ను అమర్చవచ్చు. మీ బండిలో కంట్రోల్ ఆర్మ్‌లు లేవు. రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకు ఉన్నాయి. గతుకులో ఇరుసు మొత్తం నిటారుగా లేస్తే పొట్టి టై రాడ్లు రెండూ స్టీరింగ్ ఆర్మ్‌లను లోపలికి లాగుతాయి. ఒక చక్రమే లేచి ఇరుసు ఒరిగితే, మీరు స్టీరింగ్ తిప్పకపోయినా చక్రాలు తిరుగుతాయి. దీనినే బంప్ స్టీర్ అంటారు.

కొందరు ర్యాక్‌ను చాసిస్‌కు కాక ఇరుసుకే బిగించి ఈ చిక్కును తప్పించుకుంటారు. లెక్క ప్రకారం అది సరైనదే గాని, అప్పుడు ర్యాక్ బరువంతా స్ప్రింగ్ మోయని బరువులో చేరుతుంది. పైగా స్టీరింగ్ కాలమ్ నుండి ర్యాక్‌కు వచ్చే షాఫ్ట్ ప్రతి గతుకుకూ పొడవు మారుతూ, జారుడు కీలు మీద ఆధారపడి పనిచేయవలసి వస్తుంది. హైవే మీద నడిపే బండికి నేను ఈ ఏర్పాటును సూచించను.

ఏదైనా మార్చే ముందు ఇప్పుడున్న ప్లే ఎక్కడినుండి వస్తోందో తేల్చుకోండి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే మరొకరు కింద నుండి ప్రతి కీలునూ గమనించాలి. తరువాత చక్రాన్ని నేల నుండి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి కింగ్‌పిన్ (చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) బుష్‌లు అరిగాయేమో చూడాలి. గేర్‌బాక్స్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులై, నేరమంతా గేర్‌బాక్స్ మీదికి వెళ్లడం చాలా సాధారణం. క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) కూడా కొలిపించండి. ఇలాంటి ఇరుసుకు అయిదు నుండి ఏడు డిగ్రీల క్యాస్టర్ ఉంటే బండి సూటిగా పోతుంది. బండి ముందు భాగాన్ని దించడానికి స్ప్రింగ్‌నూ ఇరుసునూ మార్చినవారు ఈ కోణాన్ని తరచు మరచిపోతారు.

గతుకుల్లో లాగడానికి మాత్రం అరుగుదల ఒక్కటే కారణం కాకపోవచ్చు. 1932 నాటి అమరికలో డ్రాగ్ లింక్ (గేర్‌బాక్స్ కదలికను చక్రానికి చేరవేసే కడ్డీ) ఎడమ పక్కన ముందూ వెనకా పొడవుగా ఉంటుంది. దాని కొన గీసే చాపమూ, ఇరుసును పట్టి ఉంచే రేడియస్ రాడ్లు గీసే చాపమూ ఒకటి కానప్పుడు, గతుకు తగలగానే ఎడమ చక్రం తిరుగుతుంది, టై రాడ్ ద్వారా కుడి చక్రమూ తిరుగుతుంది. దీనికి హాట్ రాడ్ లోకంలో ఎంతోకాలంగా ఉన్న పరిష్కారం అడ్డ స్టీరింగ్. 1971 నుండి 1977 మోడల్ వరకు వచ్చిన షెవర్లే వేగా కారు గేర్‌బాక్స్ చిన్నది, తేలికైనది. దానిని ఎడమ చాసిస్ పట్టాకు బిగించి, డ్రాగ్ లింక్‌ను అడ్డంగా కుడి స్టీరింగ్ ఆర్మ్‌కు కలుపుతారు. అయితే అడ్డ స్ప్రింగ్ షాకిల్స్ (స్ప్రింగ్ కొనల దగ్గర ఊగే లంకెలు) మీద ఇరుసు పక్కలకు జరుగుతుంది కాబట్టి, ప్యాన్‌హార్డ్ రాడ్ (ఇరుసును పక్కలకు జరగనీయని కడ్డీ) లేకుండా ఈ మార్పు చేయకూడదు. ఆ రాడ్ ఎడమవైపు చాసిస్‌కూ కుడివైపు ఇరుసుకూ ఉండి, డ్రాగ్ లింక్‌కు సమాంతరంగా, వీలైనంత సమాన పొడవుతో ఉండాలి. అప్పుడు రెండూ ఒకే చాపంలో కదులుతాయి. ర్యాకే కావాలన్న పట్టుదల ఉంటే, ఇదే అమరికలో వేగా గేర్‌బాక్స్ స్థానంలో కూర్చునే, ఒకే కొనతో పనిచేసే ర్యాక్‌లు గట్టి ఇరుసుల కోసమే తయారవుతున్నాయి. వాటిని వాడండి, తుక్కు యార్డు ర్యాక్‌ను కాదు.

అసలైన ర్యాక్ అండ్ పినియన్ కావాలంటే ముందు సస్పెన్షన్‌నే మార్చాలి. 1974 నుండి 1978 వరకు ఫోర్డ్ తయారుచేసిన మస్టాంగ్-2 ముందు భాగం పొందికగా ఇమిడిపోతుంది, ర్యాక్ ఇరుసు రేఖకు ముందు ఉంటుంది, దాని నమూనాలో కొత్త భాగాలు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. మీ చాసిస్ పట్టాలు తెరిచి ఉన్న సీ ఆకారంలోనే ఉంటే, క్రాస్‌మెంబర్‌ను (సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలాన్ని) వెల్డు చేసే ముందు వాటిని లోపలివైపు ఉక్కు పలకతో మూసి పెట్టెలా చేయాలి. ఆ తరువాత ర్యాక్ స్థానం వస్తుంది, అసలు పనితనం అక్కడే. టై రాడ్ లోపలి కీళ్లు, పై కింది కంట్రోల్ ఆర్మ్‌ల లోపలి కీళ్లను కలిపే రేఖ మీద ఉండాలి. టై రాడ్ రేఖను పొడిగిస్తే, ఆ రెండు ఆర్మ్‌ల రేఖలు కలిసే బిందువు గుండానే పోవాలి. ర్యాక్ వెడల్పు ఎక్కువైనా తక్కువైనా, ఎత్తు కొద్దిగా తేడా వచ్చినా మళ్లీ బంప్ స్టీరే. స్ప్రింగ్ తీసేసి, జాకీతో చక్రాన్ని అంగుళం అంగుళం లేపుతూ దించుతూ ప్రతిచోటా టో (చక్రం ముందంచు లోపలికో బయటికో తిరిగిన కోణం) కొలిస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇరుసు వెనక ఉండేలా తయారైన ర్యాక్‌ను ముందుకు తెచ్చి పెడితే మాత్రం స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు చక్రాలు ఎడమకు పోతాయి. వినడానికి నవ్వు వచ్చినా ఇది నిజంగా జరిగే పొరపాటే.

నా అభిప్రాయం అడిగితే, మడ్‌గార్డులు లేని 1932 కూపేకు గట్టి ఇరుసే అందం. కంట్రోల్ ఆర్మ్‌లు, స్ప్రింగులు బయటికి కనబడితే ఆ బండి ముఖమే మారిపోతుంది. మీ ఫిర్యాదులు తీరడానికి అడ్డ స్టీరింగ్, ప్యాన్‌హార్డ్ రాడ్ చాలు.

పవర్ స్టీరింగ్ విషయానికి వస్తే, ఇంత తేలికైన బండికి ముందు టైర్లు సన్నవైతే అది అక్కరలేదు. మస్టాంగ్-2 పవర్ ర్యాక్‌ను షెవర్లే ఇంజన్‌కు ఉండే జీఎం (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్) పంపుతో కలిపితే, ఆ పంపు ఒత్తిడీ ప్రవాహమూ ర్యాక్‌కు ఎక్కువై స్టీరింగ్ వేలితో తాకితే తిరిగేంత చురుకుగా మారుతుంది. వాటిని తగ్గించే వాల్వు అమర్చుకోవాలి. ఏ దారిలో వెళ్లినా, కాలమ్ నుండి కిందికి వచ్చే షాఫ్ట్‌లో రెండు యూనివర్సల్ కీళ్లు (ఏ వైపుకైనా వంగే కీళ్లు) ఉంటే వాటి యోక్‌లు (కీలును పట్టే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరుసలో ఉండాలి. మూడో కీలు పెడితే షాఫ్ట్‌కు ఆధారంగా ఒక బేరింగ్ తప్పనిసరి. స్టీరింగ్ ఆర్మ్‌లను వేడిచేసి వంచవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి పాత అంబాసిడర్‌కు అమెరికా హాట్ రాడ్లలో వేసే ర్యాక్ స్టీరింగ్ వేయించాలని ఉంది. ఇక్కడ సాధ్యమేనా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంలో పుట్టిన అంబాసిడర్‌కు ర్యాక్ అండ్ పినియన్ మొదటినుండీ ఉందమ్మా. అమెరికా ర్యాక్‌లో పినియన్ ఎడమవైపు డ్రైవరుకు తగినట్లు ఉంటుంది, కనుక అది మీకు పనికిరాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, పెద్ద మార్పులేవైనా తలపెడితే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. స్టీరింగ్ బరువుగా ఉంటే ముందు టైర్లలో గాలి చూపించండి. వదులుగా ఉంటే టై రాడ్ కీళ్లు మార్పించి, ర్యాక్ రెండు కొసల రబ్బరు తొడుగులు చిరిగి లోపలికి దుమ్ము చేరిందేమో మెకానిక్ చేత చూపించండి.