జ్వరం దిగిన రెండు రోజులే గండం: డెంగీపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. నాలుగు రోజులు 103 డిగ్రీల జ్వరం కాసి ఐదో రోజు తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు మొదలై ఐసీయూలో చేర్చాల్సి వచ్చింది. జ్వరం పోయాక ప్రమాదం రావడమేమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డెంగీలో అసలు గండం అప్పుడేనమ్మా. మొదటి మూడు నాలుగు రోజులు రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. దాన్ని పసిగట్టిన కణాలు ఇంటర్‌ఫెరాన్లు, సైటోకైన్లు అనే రసాయనాలను వదులుతాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక పోటు చాలావరకు వాటి వల్లే. ఐదో రోజుకల్లా వైరస్ తగ్గుతుంది, జ్వరమూ దిగుతుంది. రోగనిరోధక వ్యవస్థ మాత్రం సరిగ్గా అప్పుడే మంచి ఉధృతిలో ఉంటుంది. సైటోకైన్లూ, వైరస్ రక్తంలోకి వదిలిన ఎన్‌ఎస్1 ప్రొటీనూ కలిసి సన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ సందుల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఛాతీలోకి, పొట్టలోకి కారిపోతుంది. ఎర్రకణాలు లోపలే ఉండిపోతాయి కాబట్టి రక్తం చిక్కబడుతుంది, చివరికి బీపీ పడిపోతుంది.

ఈ కారడం 24 నుంచి 48 గంటలు ఉంటుంది. ఆ తర్వాత పొర దానంతట అదే బాగుపడుతుంది. వైరస్‌ను చంపే మందు ఇంకా మన చేతికి రాలేదు. ఆ కొద్ది గంటలూ మనిషిని నిలబెట్టడమే వైద్యం.

అందుకే జ్వరం దిగిన రెండు రోజులూ కనిపెట్టుకుని ఉండాలి. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత, చిరాకు, చల్లబడిన చేతులు కాళ్లు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం: వీటిలో ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. బీపీ చూపించినప్పుడు పై అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. 100/85 అంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ రెండింటి తేడా 20 లేదా అంతకన్నా తక్కువైతే షాక్, అంటే ఒంటికి రక్తప్రసరణ చాలని స్థితి, మొదలైనట్టే.

ప్రశ్న: మా వారికి ప్లేట్‌లెట్లు 28 వేలకు పడిపోయాయి. రక్తస్రావం లేదు. ఎక్కించమని బంధువులంతా పట్టుబడుతున్నారు. బొప్పాయి ఆకు రసం కూడా పోస్తున్నాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రక్తస్రావం లేనప్పుడు 28 వేలకు ఎక్కించనక్కర్లేదు. డెంగీలో ప్లేట్‌లెట్లను తయారుచేసే ఎముక మజ్జ కొన్నాళ్లు మందగిస్తుంది. ఉన్న ప్లేట్‌లెట్లను మన యాంటీబాడీలే నాశనం చేస్తాయి. బయటి నుంచి ఎక్కించినవీ అదే దారిన పోతాయి. సింగపూర్, మలేసియా ఆసుపత్రుల్లో 20 వేలు, అంతకన్నా తక్కువ ఉన్న పెద్దవాళ్లకు ముందుజాగ్రత్తగా ఎక్కించి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. రక్తస్రావం తగ్గలేదు, పైగా ఎక్కించినవాళ్లలోనే దద్దుర్లు, అలర్జీల వంటి ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. రక్తస్రావం ఉన్నా, 10 వేల కిందికి పోయినా అది వేరే సంగతి.

మీరు చూడాల్సిన అంకె అదే సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) కాగితంలో ఉంది: పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె. మూడో రోజు 38 ఉన్నది ఐదో రోజు 46 అయిందంటే 20 శాతానికి పైగా పెరిగినట్టు. ప్లేట్‌లెట్లు తగ్గుతూ పీసీవీ పెరుగుతుంటే ప్లాస్మా కారుతోందని అర్థం. కుటుంబమంతా రక్తదాతల కోసం పరుగులు తీస్తుంటే ఈ అంకెను ఎవరూ చూడకపోవడం మమ్మల్ని చాలా బాధిస్తుంది. ఇక బొప్పాయి రసం. ప్లేట్‌లెట్ల అంకె కాస్త పెరిగినట్టు కొన్ని చిన్న పరిశీలనలు చెప్పాయి. ప్లాస్మా కారడాన్ని ఆపుతుందనిగానీ ప్రాణం కాపాడుతుందనిగానీ రుజువు కాలేదు. ఆ చేదుకు వాంతులైతే, అవి రోగం వల్లనో రసం వల్లనో తెలియకుండా పోతుంది. మానేయండి.

ప్రశ్న: నాకు పోయినేడు డెంగీ వచ్చి తగ్గింది. ఇక రాదు కదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మళ్లీ రావచ్చు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి సోకిన రకం నుంచి దాదాపు జీవితాంతం రక్షణ దొరుకుతుంది. మిగతా మూడింటి నుంచి దొరికేది కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దానికి అరకొరగా అతుక్కుంటాయి తప్ప అణచలేవు. యాంటీబాడీ తోకను పట్టుకునే గ్రాహకాలు మోనోసైట్లు అనే ఒక రకం తెల్ల రక్తకణాల మీద ఉంటాయి. యాంటీబాడీ అతుక్కున్న వైరస్ వాటి గుండా సులువుగా ఆ కణాల లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది. క్యూబాలో 1977లో ఒకటో రకం వ్యాపించింది, జనం తేలిగ్గానే తట్టుకున్నారు. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 150 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. 2016లో ఫిలిప్పీన్స్ బడిపిల్లలకు వేసిన డెంగ్‌వాక్సియా టీకాతోనూ ఇదే చిక్కు. అంతకుముందు డెంగీ సోకనివారికి ఆ టీకా వేస్తే, తర్వాత నిజంగా సోకినప్పుడు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుందని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది.

మీరు భయపడాల్సిన పని లేదు. రెండోసారి వచ్చినవాళ్లలోనూ ఎక్కువమంది తేలిగ్గానే కోలుకుంటారు. అయితే ఈసారి జ్వరం వస్తే, ఇదివరకు డెంగీ వచ్చిందని డాక్టరుకు మొదటి మాటగానే చెప్పండి.

ప్రశ్న: ఇంట్లో ఏ మందులు వాడొచ్చు? పరీక్ష ఎప్పుడు చేయించాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పారాసిటమాల్ ఒక్కటే. పెద్దలకు 650 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. పిల్లలకు కిలో బరువుకు 10–15 మి.గ్రా. అంటే 20 కిలోల పిల్లకు 200–300 మి.గ్రా. సిరప్‌లు రెండు మోతాదుల్లో వస్తాయి, సీసా మీద చూసి పోయండి. 5 మి.లీ.కి 250 ఉన్నదైతే 4–6 మి.లీ., 120 ఉన్నదైతే 8–12 మి.లీ. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, ఒళ్లు నొప్పులకు వేసే ఇంజెక్షన్లు వద్దు. కడుపులో రక్తస్రావం తెప్పిస్తాయి. గుండెకు రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు మాత్రం సొంతంగా మానకుండా డాక్టరును అడగాలి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి 24 గంటల్లోపు తాగించండి. మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు మంచివే, ఉత్త నీళ్లతోనే సరిపెట్టొద్దు. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో తయారైన యాంటీబాడీని చూసే) పరీక్ష పనికొస్తాయి. మూడో రోజు నుంచి, జ్వరం పోయిన 48 గంటల వరకు రోజూ సీబీపీ చేయించండి. నోటితో తాగగలిగినవారికి నీరసమని సెలైన్ పెట్టించొద్దు. కారిన ద్రవం ఆరో ఏడో రోజు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికే సీసాల కొద్దీ ఎక్కించి ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది.