స్టువర్ట్ ఆ బొమ్మను పూర్తి చేయకపోవడం మోసమా?

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ భార్య మార్తా కోరి వేయించుకున్న భర్త చిత్రాన్ని పూర్తి చేయకుండా, చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకొని నకళ్లు అమ్ముకున్న అమెరికన్ చిత్రకారుడు గిల్బర్ట్ స్టువర్ట్‌ను మోసగాడు అనకూడదా అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా మనుషుల బొమ్మలు వేసి బతికినవాణ్ణి కాబట్టి, అనకూడదనే నా సమాధానం.

స్టువర్ట్ ఎంత నేర్పరో అంత అప్పులవాడు. 1755లో రోడ్ ఐలాండ్‌లో పుట్టి, 1775లో లండన్ చేరి, చిత్రకారుడు బెంజమిన్ వెస్ట్ దగ్గర పనిచేసి, 1782లో మంచుగడ్డపై స్కేటింగ్ చేస్తున్న ఒక పెద్దమనిషి చిత్రంతో అక్కడి కళాసంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనలో పేరు తెచ్చుకున్నాడు. అయినా అప్పులవాళ్లకు భయపడి 1787లో డబ్లిన్‌కు తరలిపోయి, అక్కడా అప్పులే మిగుల్చుకొని, 1793లో అమెరికాకు తిరిగొచ్చాడు. వాషింగ్టన్ బొమ్మతో గట్టెక్కవచ్చన్నది ఆయన లెక్క. 1796 నాటి ఆ చిత్రంలో తల, చుట్టూ కొంత గోధుమ రంగు తప్ప మిగతాదంతా ఖాళీ కాన్వాసే. దాన్ని ఎదురుగా పెట్టుకొని పదుల కొద్దీ నకళ్లు వేసి, వాటిని తన వంద డాలర్ల నోట్లని తానే హాస్యమాడేవాడు. పూర్తి చేసి ఉంటే ఇచ్చేయవలసి వచ్చేది.

ఆ ఇచ్చేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి నలుగురు అన్నదమ్ములు, చనిపోయిన తమ తల్లి బొమ్మ ఇంటికొకటి చొప్పున నాలుగు కావాలన్నారు. వాళ్ల దగ్గర ఉన్నదల్లా అరిగిపోయిన చిన్న ఫోటో ఒక్కటే. పది రోజులు కూర్చొని, ఆమె చెల్లెలిని పిలిపించి కనుబొమలు, పెదవులు సరిచూసుకొని, తల మాత్రం ఒక కాన్వాసు మీద వేసి పెట్టుకున్నాను. (ముక్కు కాస్త సన్నం చేయమనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, ఇక్కడా ఉన్నారు.) దాన్ని చూసి రెండు బొమ్మలు వేశాక పెద్దాయన వచ్చి, అసలైనది అదేనని గ్రహించి, పెద్దకొడుకుగా అది తనకే చెందాలని పట్టుకుపోయాడు. మిగిలిన రెండూ ఫోటో చూసి, గుర్తున్నంత మేరకు వేశాను. పోలికలన్నీ కుదిరాయి కానీ చూపు రాలేదు.

కాబట్టి స్టువర్ట్ దాచుకున్నది బొమ్మను కాదు, తన పనికి పెట్టుబడిని. మార్తాకు ఇచ్చిన మాట తప్పాడన్నది నిజమే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆయనను దోచుకున్నవాళ్ల గురించి ఎవరూ అడగరెందుకు? నకళ్లు తీయించనని మాటిచ్చి వాషింగ్టన్ చిత్రం కొనుక్కున్న ఒక ఓడ కెప్టెన్, దాన్ని చైనాలోని కాంటన్‌కు తీసుకుపోయి, అక్కడి చిత్రకారులతో గాజు మీద వందకు పైగా నకళ్లు వేయించి ఫిలడెల్ఫియాలో అమ్మకానికి పెట్టాడు. 1802లో స్టువర్ట్ కోర్టుకెక్కి ఆ అమ్మకాన్ని ఆపించాడు. అమెరికా ఒక డాలర్ నోటు మీద నేటికీ ఉన్నది ఆ పూర్తికాని బొమ్మలోని ముఖమే; అయినా ఆయన 1828లో బోస్టన్‌లో అప్పులతోనే పోయాడు, సమాధికి రాయి కూడా వేయించలేకపోయారు.

నా నాలుగో బొమ్మ అందుకున్న తమ్ముడు, ఇందులో అమ్మ లేదని చెప్పి మిగతా సొమ్ము ఇవ్వలేదు. నేనూ గట్టిగా అడగలేకపోయాను.