గీత మెరవలేదని బర్డ్ ఫ్లూ లేదనుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు 8,000 లేయర్లు ఉన్నాయి. మూడు రోజులుగా చావులు ఎక్కువయ్యాయి. మొదటి రోజు 40, తర్వాత 110, నిన్న 260. గుడ్లు సగానికి పడిపోయాయి. కొన్నిటికి మెడ వంకర తిరుగుతోంది, రెట్ట ఆకుపచ్చగా ఉంది. మందుల షాపులో బర్డ్ ఫ్లూ చూసే యాంటీబాడీ కిట్ ఇచ్చారు. రెండు కోళ్లకు చేస్తే లైటు కింద గీత మెరవలేదు. ఎండదెబ్బే అని యాంటీబయాటిక్, ఎలక్ట్రోలైట్ వాడమన్నారు. ఇంకేం వాడాలి?
– ఓ రైతు, పెరవలి మండలం

జవాబు: ఇది ఎండదెబ్బ కాదు. ఎండకు కోళ్లు రొప్పి మధ్యాహ్నం పూట చస్తాయి. మెడ తిరగదు, చావులు రోజురోజుకీ రెట్టింపు కావు. మీరు చెప్పినదాన్ని బట్టి కొక్కెర తెగులో (రాణిఖెట్) బర్డ్ ఫ్లూనో అయి ఉంటుంది. ఈ రెండిటినీ కంటితో చూసి నేనైనా విడదీయలేను. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ తేలిన కానూరు మీ మండలంలోదే, వేల్పూరు పక్కనే ఉంది. ఈ జవాబు చదివిన వెంటనే పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. ఇలాంటి చావులను తెలియజేయడం 2009 నాటి చట్టం ప్రకారం యజమాని బాధ్యత. పరిహారం కూడా ప్రభుత్వం చంపించిన కోళ్లకే వస్తుంది, ముందే చచ్చినవాటికి రాదు. ఆలస్యం చేస్తే నష్టపోయేది మీరే.

ఇక కిట్ సంగతి. ఇలాంటి పట్టీల్లో మెరిసే పదార్థం అతికించిన యాంటీబాడీలు (వైరస్‌ను గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లు) ఉంటాయి. శాంపిల్లో వైరస్ ప్రోటీన్ ఉంటే వాటికి అతుక్కుని గీత దగ్గర పోగవుతుంది, అప్పుడు అది వెలుగుతుంది. కానీ వైరస్ బాగా ఎక్కువగా ఉంటేనే గీత కనిపిస్తుంది. పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్షలో, ఉన్న కాస్త జన్యుపదార్థాన్నీ ఎన్నో రెట్లు పెంచి పట్టుకుంటారు, కిట్ ఆ పని చేయదు. పైగా చాలా కిట్లు ‘ఎ’ రకం ఫ్లూ వరకే చెబుతాయి, అది కోళ్లను చంపే హెచ్5 రకం అవునో కాదో చెప్పవు. పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత దాటి షాపులో ఎండకు ఉంటే యాంటీబాడీ పాడైపోతుంది. ఎనిమిది వేల కోళ్లలో రెండిటికి చేసి ‘లేదు’ అనుకోవడం ఎంత ప్రమాదమో చూడండి. మీకు కిట్ అమ్మినవాళ్లకు ఇవేవీ తెలియవు, తెలిసినా చెప్పరు.

2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో పద్ధతి కనిపెట్టారు. యాంటీబాడీ ముక్కకు వెలుగునిచ్చే ఒక రంగు అతికిస్తారు. ఆ ముక్కలోనే ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దాని వెలుగును అణచి ఉంచుతుంది. వెతుకుతున్న ప్రోటీన్ వచ్చి అతుక్కోగానే రంగు విడివడి వెలుగుతుంది. కడిగే పని లేదు, నిమిషాల్లో తేలుతుంది. ఇన్‌ఫ్లుయెంజా ప్రోటీన్ల మీదా దీన్ని పరీక్షిస్తున్నారు. ఇది నాకు చాలా ఆశ కలిగించే పని. కానీ ఫ్లూ ఉందని మన దగ్గర ఖరారు చేసేది భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలే. శాంపిళ్లు మంచులో పెట్టి అక్కడికే పంపాలి, ఆ పని పశువైద్యాధికారి చేస్తారు. చచ్చిన కోడిని మీరు కోసి చూడొద్దు.

యాంటీబయాటిక్ ఇప్పుడే ఆపండి. అది వైరస్ మీద పనిచేయదు, గుడ్లలో మాత్రం మిగిలిపోతుంది. ఎవరైనా మనుషుల ఫ్లూ మాత్రలు నీళ్లలో కలపమంటే అసలు వినొద్దు, వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది.

డాక్టర్ వచ్చేదాకా గుడ్లు, ముసలి కోళ్లు, ట్రేలు, ఎరువు ఏవీ గేటు దాటకూడదు. 10 శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక లీటరుకు నాలుగు లీటర్ల నీళ్లు కలిపి షెడ్డు గుమ్మం దగ్గర తొట్టిలో పోయండి. చెప్పుల మట్టి కడిగాకే అందులో అడుగు పెట్టాలి. రోజూ కొత్తది పోయాలి. పనివాళ్లకు ఎన్95 మాస్కు, గ్లౌజులు ఇవ్వండి. ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే ప్రభుత్వాసుపత్రిలో కోళ్ల సంగతి చెప్పి చూపించాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. చచ్చిన కోళ్లను కాలువలో పడేయొద్దు. డెల్టాలో ఒక ఊరి కాలువ నీళ్లు పది ఊళ్లకు వెళ్తాయి. కోతలయ్యాక చేలల్లో మేసే బాతుల మందలు ఆ నీళ్లే తాగుతాయి. బాతు పైకి బాగానే కనిపిస్తూ వైరస్‌ను మోస్తుంది. డాక్టర్ శాంపిళ్లు తీసుకున్నాక రెండు మీటర్ల లోతు గొయ్యిలో సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా పూడ్చండి.

ఫలితం రాకముందు టీకాలు వేసేవాళ్లను కూడా షెడ్డులోకి రానివ్వొద్దు. కొక్కెర తెగులే అని తేలితే, ఈ బ్యాచ్‌కు ఏ టీకా ఎప్పుడు వేశారో రాసి పంపండి. ఈ తెగులుకు 5–7 రోజులకు లసోటా టీకా, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, 8–10 వారాలకు ఆర్2బి టీకా అర మిల్లీలీటరు, 16–18 వారాలకు కిల్డ్ (చంపిన వైరస్‌తో చేసిన) టీకా పడి ఉండాలి. ఆర్2బి తప్పిపోయిందేమోనని నా అనుమానం.