పంటి డాక్టరంటే భయపడే మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకు,

అత్తయ్య ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. కింది దవడ పన్ను పుచ్చి ఏడాది దాటిందట. నొప్పి లేచినప్పుడల్లా లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకుంటూ, మాత్రలు మింగుతూ నెట్టుకొస్తున్నావట. ఇప్పుడు బుగ్గ కూడా వాచిందట. చిన్నప్పుడు నిన్ను కాళ్ళూ చేతులూ పట్టుకుని పన్ను పీకించారు, ఆ భయం ఊరికే పోదు. కాబట్టి ‘మగపిల్లాడివి, ఇంత పిరికితనమేంట్రా’ అని నేను అనను. పంటి ఆపరేషన్ల గదిలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ, కుర్చీ ఎక్కగానే చెమటలు పట్టిన పోలీసులను కూడా చూశాను.

మత్తు ఇచ్చి చేయించుకోవచ్చా అని అడిగావట. చేయించుకోవచ్చు. అయితే ఆ మత్తు పని చేసేది భయం మీద. నొప్పి తెలియకుండా చిగుళ్ళలో ఇచ్చే ఇంజెక్షన్ మామూలుగానే ఇస్తారు. ఎంత మత్తులో ఉన్నా అది తప్పదు, కాకపోతే ఆ సూది గురించి నీకు అంత పట్టింపు ఉండదు. ఇంకో సంగతి, వాపూ చీమూ ఉన్నచోట ఆ ఇంజెక్షన్ సరిగా పట్టదు. చిన్నప్పుడు నీకు అంత నొప్పి తెలిసింది బహుశా అందుకే. కాబట్టి ముందు వాపు సంగతి చూపించుకో. నోరు తెరుచుకోకపోయినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళిపో, మత్తు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు.

మొదటిసారి వెళ్ళేటప్పుడు పని చేయించుకోవడానికని వెళ్ళకు. ఎక్స్‌రే తీయించుకుని, మాట్లాడి వచ్చెయ్. కూర్చోగానే ‘నాకు చాలా భయం డాక్టరు గారూ, చిన్నప్పుడు ఇలా జరిగింది’ అని చెప్పేయి. మంచి డాక్టరైతే సూదికి ముందు చిగురు మొద్దుబారే జెల్ రాస్తారు, సూది మందు నెమ్మదిగా ఎక్కిస్తారు, నువ్వు చెయ్యి ఎత్తితే ఆపుతామని మాటిస్తారు. చాలామందికి ఇంతటితోనే సగం టెన్షన్ తగ్గిపోవడం చూశాను. విని నవ్వేసే డాక్టరైతే లేచి ఇంకొకరి దగ్గరికి వెళ్ళు.

అది చాలకపోతే మత్తు. అందులో తేలికైనది నైట్రస్ ఆక్సైడ్, లాఫింగ్ గ్యాస్ అంటారే, అది. ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి పీల్పిస్తారు. చేతులూ కాళ్ళూ కాస్త తిమ్మిరెక్కినట్టుంటాయి, ఒళ్ళు తేలిపోతున్నట్టుంటుంది, మాటలు మాత్రం వినబడుతూనే ఉంటాయి. పని అయ్యాక ఐదు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ ఇస్తే దాదాపు దిగిపోతుంది. నీలాంటి వాడికి ముందు ఇదే అడగమంటాను. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మాత్రం ఇది పనికిరాదు, ఆ రోజుకు వాయిదా వేయించుకో. ఈ సదుపాయం అన్ని క్లినిక్కుల్లోనూ ఉండదు. దగ్గర్లో దొరక్కపోతే ఏదైనా డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో విచారించు.

ఆ పైది, వెళ్ళే ముందు వేసుకునే మత్తు మాత్ర. అంతకంటే గట్టిది, నరానికి ఎక్కించే మిడజోలం అనే మత్తుమందు. అది ఎక్కితే మనిషి పూర్తిగా నిద్రపోడు, ‘నోరు తెరు’ అంటే తెరుస్తాడు, కానీ తర్వాత అడిగితే చాలావరకు ఏమీ గుర్తుండదు. పూర్తిగా స్పృహ తప్పించే జనరల్ అనస్థీషియా అయితే ఆసుపత్రి పని, ఒక్క పన్నుకు నీకు అంత అవసరం రాదనుకుంటున్నాను.

నరానికి ఇచ్చే మాటైతే నువ్వు మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: డాక్టరు పంటి మీద పని చేస్తుంటే, నా ఊపిరిని ఎవరు చూస్తుంటారు? దానికోసమే విడిగా ఒక మనిషి ఉండాలి. మత్తు డాక్టరును పిలిపిస్తే మరీ మంచిది. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, పక్కన ఆక్సిజన్ సిలిండరు, మోతాదు మించితే ఇవ్వడానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్నాయా అని కూడా అడుగు. నోట్లో నీళ్ళూ రక్తమూ ఉండగా మత్తులో ఉన్న మనిషికి ఇట్టే ఊపిరి అడ్డుపడవచ్చు, అందుకే ఇంత చెబుతున్నాను.

మన హైదరాబాదుకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉందిరా. 1888లో, మళ్ళీ 1889లో క్లోరోఫాం అనే పాతకాలపు మత్తుమందు మీద రెండు కమిషన్లు అక్కడే పని చేశాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకున్నాడు, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. నాడి పట్టుకుని కూర్చోవడం కాదు, ఊపిరిని చూడండి అని ఆయన వాదన. క్లోరోఫాం గుండెను ఏమీ చెయ్యదన్న ఆయన మాట తర్వాత తప్పని తేలింది. ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న మాట మాత్రం ఈనాటికీ నిలిచే ఉంది.

ఇక నీ వైపు నుంచి. డాక్టరు దగ్గర ఏదీ దాచకు. రాత్రిళ్ళు గట్టిగా గురకపెడతావని మీ ఆవిడ అంటూ ఉంటుంది, అది తప్పకుండా చెప్పు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్ళకు మత్తు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మందు అలవాటు ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పు, మీ నాన్నకు చేరదులే. ధైర్యం కోసం రెండు పెగ్గులు వేసుకుని వెళ్ళడం, స్నేహితుడిచ్చిన నిద్రమాత్ర మింగి వెళ్ళడం అసలు చెయ్యకు. కల్తీ కల్లులో కలిపి పట్టుబడే ఆల్ప్రజోలం ఉంది చూడు, అదీ ఈ మత్తు మాత్రల జాతిదే. సారా, నిద్రమాత్ర, డాక్టరిచ్చే మత్తు ఒకదాని మీద ఒకటి పడితే ఊపిరి మందగిస్తుంది.

నరానికి మత్తిస్తే మామూలుగా ఆరు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు, రెండు గంటల ముందు వరకు మంచినీళ్ళు తాగొచ్చు. పాలు కలిపిన టీ కూడా తిండి కిందే లెక్క. ఇక్కడే మనవాళ్ళు దొరికిపోతారు, ‘ఒక్క గుక్క టీయే కదా’ అని. అయితే వాళ్ళు రాసిచ్చిన టైములే పాటించు, నావి కాదు. బీపీ మాత్ర సంగతీ వాళ్ళనే అడుగు. ఖర్చు ఎంతో ముందే కనుక్కో, మత్తు డాక్టరు ఫీజు వేరుగా ఉంటుంది.

అన్నట్టు, పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందని మీ నాయనమ్మ చెప్పిన మాట నీ బుర్రలో ఇంకా ఉంటే తీసి పారెయ్యి. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

మిడజోలం ఇస్తే ఆ రోజంతా బండి తీయకు, సంతకాలు పెట్టకు, ఫోన్లో ఎవరికీ డబ్బులు పంపకు. డాక్టరు చెప్పే జాగ్రత్తలు నీకు గుర్తుండవు, కాగితం మీద రాయించి మీ ఆవిడ చేతికి ఇప్పించు. బుగ్గ మొద్దుబారి ఉన్నంతసేపూ వేడివి తాగకు, ఏదీ నమలకు. తెలియకుండానే నోరు కాల్చుకుంటావు, నాలుక కొరుక్కుంటావు.

అపాయింట్‌మెంట్ పొద్దున పూటే తీసుకో, సాయంత్రం దాకా భయపడుతూ కూర్చునే పని తప్పుతుంది. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్. నువ్వు స్కూటర్ వెనక కూర్చుని రావడం నాకిష్టం లేదు, మామయ్య కారు తీసుకుని వస్తారు.

మీ అత్తయ్య