జవాబు రాని సందేశాలు, రాత్రిపూట డాక్యుమెంటరీలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో గది తీసుకుని ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ చూసే సంబంధాలు వద్దని చాలా కాలంగా డేటింగ్ యాప్‌లో ప్రయత్నిస్తున్నాను. ఎంత మందికి రాసినా జవాబు రాదు. ఒక అమ్మాయి మాత్రం కొన్ని వారాలు బాగా మాట్లాడింది, కానీ ఇంటి పేరు అడిగి తెలుసుకున్నాక పలకడం మానేసింది. అప్పటి నుంచి రోజూ రాత్రి పరువు హత్యల మీద, ఆడవాళ్లపై కక్షతో జనాన్ని చంపినవాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీలే చూస్తున్నాను. నిద్ర పట్టడం లేదు. మనుషులంతా ఇంతే అనిపిస్తోంది. మొన్న టొరంటో హంతకుడి గురించి చూస్తుంటే అతని బాధ నాకు అర్థమైనట్టనిపించి భయం వేసింది. ఏం చేయాలి?

జవాబు: మన ప్రాంతంలో ఇంటి పేరు ఎందుకు అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి మీకు జరిగినది చిన్న విషయమని, మరిచిపొమ్మని నేను చెప్పను. అయితే ఆ అమ్మాయి ఎందుకు తప్పుకుందో మీకు తెలియదన్నది కూడా అంతే నిజం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే, ఆసుపత్రి బయట నరికి చంపారు. అమ్మాయి తండ్రే సుపారీ ఇచ్చి చేయించినట్టు పోలీసులు తేల్చిన ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఇలాంటి కథ చూసేటప్పుడు మీరు హతుడి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోవడం సహజమే. ఇదే జిల్లాలో పెరిగిన ఆడపిల్ల దాన్ని చూస్తే ఆమెకు తన తండ్రి, తన మేనమామలు గుర్తొస్తారు. మీతో మాట్లాడిన అమ్మాయి మీ కులం చూసి వెనక్కి తగ్గి ఉండవచ్చు, మీ ప్రాణానికీ తన ప్రాణానికీ భయపడి తగ్గి ఉండవచ్చు. చెప్పకుండా వెళ్లిపోవడం మర్యాద కాదు, నిజమే. కానీ దాన్ని ద్వేషమని తేల్చడానికి మీ దగ్గర ఆధారం లేదు.

ఇక జవాబు రాని సందేశాల సంగతి. మన దేశంలో ఈ యాప్‌లలో మగవాళ్లు ఎక్కువ, ఆడవాళ్లు బాగా తక్కువ. నల్లగొండ లాంటి ఊళ్లో అసలు ఫొటో పెట్టడానికి ధైర్యం చేసేవాళ్లు ఇంకా తక్కువ, ఎందుకంటే ఏ బావో, ఏ పక్కింటి అన్నో చూసి ఇంట్లో చెబుతాడన్న జంకు ఉంటుంది. పెట్టినవాళ్లకు వచ్చిపడే సందేశాలలో మీది కూడా ఒకటి. చదవకుండా వదిలేసినవాళ్లు మిమ్మల్ని కాదన్నట్టు కాదు, వాళ్లకు మీరు తెలియనే తెలియదు. యాప్ కారణం చెప్పదు కాబట్టి ఆ ఖాళీని రాత్రి చూసిన డాక్యుమెంటరీలోంచి తెచ్చిన కారణంతో మీరే నింపుకుంటున్నారు, మర్నాడు అదే కోపంతో మళ్లీ యాప్ తెరుస్తున్నారు. మీ ఇబ్బందికి మూలం ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి నడవడమేనని నా అభిప్రాయం.

టొరంటో మాట మీరు దాచకుండా రాసినందుకు సంతోషం. 2018 ఏప్రిల్ 23న అతడు అద్దె వ్యాన్‌ను ఫుట్‌పాత్ మీదికి తోలి పది మందిని చంపాడు, గాయపడిన మరో మహిళ 2021లో కన్నుమూసింది. ఆడవాళ్లు తిరస్కరించారన్న కక్షతో చేశానని పోలీసులకు చెప్పాడు. కానీ పేరు కోసం పడిన తాపత్రయమే ముఖ్య కారణమని 2021లో న్యాయమూర్తి నిర్ధారించి, తీర్పులో అతని పేరు కూడా రాయలేదు. ఇలాంటి చిత్రాలు చాలావరకు హంతకుడి బాల్యానికి, గదికి గంటసేపు కేటాయించి, చనిపోయినవాళ్లను ఫొటోల వరుసలో దాటించేస్తాయి, చూసేవాడికి దగ్గరయ్యేది హంతకుడే. మీకు అర్థమైనది ఒంటరితనం, హత్య కాదు. అయినా "ఆడవాళ్లంతా ఇంతే" అన్న మాట మనసులో వచ్చిన ప్రతిసారీ దాన్ని అక్కడే ఆపండి. ఆ హంతకుడు అలాంటి మాటలతో కాలం గడిపే ఆన్‌లైన్ గుంపుల రాతలు చదివేవాడు.

డాక్యుమెంటరీలు పూర్తిగా మానమని నేను అనను. చూడాలనుకుంటే ఆదివారం పగలు, మిత్రుడితో కలిసి ఒకటి చూసి, దాని గురించి మాట్లాడుకోండి. రాత్రి పది తర్వాత ఫోన్‌ను మంచానికి దూరంగా ఛార్జింగ్‌లో పెట్టండి, ఒకటి అయ్యాక మరొకటి దానంతట అదే మొదలయ్యే ఆటోప్లేను ఆపేయండి. యాప్‌ను ఒక నెల పక్కన పెట్టండి. తిరిగి తెరిచినప్పుడు పెళ్లి ఉద్దేశమైతే అదే రాయండి, అవతలి మనిషి తన గురించి రాసుకున్నది చదివి దాని మీదే మాట్లాడండి. వారాల తరబడి చాటింగ్ చేసి ఆశలు పెంచుకోవడం కన్నా కొద్ది రోజుల్లోనే వీడియో కాల్, ఆ తర్వాత పగటి పూట నలుగురు తిరిగే చోట కలవడం మేలు. గడియారం సెంటర్‌లో కలుద్దామంటే నల్లగొండ అమ్మాయి రాదు, హైదరాబాద్ అంటుంది. అందులో తప్పు వెతకకండి. పూర్తి పేరు ముందే పెట్టడం మీ ఇష్టం. పెడితే పోయేవాళ్లు మొదటి రోజే పోతారు, కానీ ఆ బరువు మీరే మోయాల్సి రావడం అన్యాయమే. కులాంతర సంబంధం పెళ్లి దాకా వస్తే, బెదిరింపులు ఎదురయ్యే జంటలకు పోలీసు రక్షణ కల్పించాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించిందని గుర్తుంచుకోండి.

రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా, మిమ్మల్ని గానీ ఇతరులను గానీ గాయపరచాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యుణ్ని నేరుగా కలిస్తే ఇంకా మంచిది.

అమ్మ చూసే సంబంధాలు వద్దనడం మీ హక్కు. కానీ ఆమెను దూరం పెట్టడానికి అది కారణం కానక్కరలేదు. ఈసారి దేవరకొండ వెళ్లినప్పుడు యాప్ సంగతి చెప్పకపోయినా ఫరవాలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని మాత్రం ఆమెకు చెప్పండి.